యోగా ఫోటో ఒక్కటే వేసి వదిలేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో వచ్చే యోగా శీర్షిక గురించి రాస్తున్నాను. ఒక ఆసనం ఫోటో, దాని పేరు, ఎలా చేయాలో నాలుగు వాక్యాలు, ఆ పక్కన దానివల్ల ఏమేం తగ్గుతాయో పెద్ద జాబితా. చాలా పత్రికలు ఇలాగే వేస్తాయి, మీ ఒక్కరినే అనడం లేదు. కానీ ఆ ముక్క కత్తిరించి దాచుకుని, ఇంట్లో తలుపు వేసుకుని ఒక్కరే చేసుకునేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది ఇంతకుముందు ఎప్పుడూ చాప పరిచి ఒళ్లు వంచనివాళ్లే. పక్కన నిలబడి సరిదిద్దేవాళ్లు ఎవరూ ఉండరు, అందుకని వాళ్లకు మీ పేజీయే గురువు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని ఆ శీర్షిక నడపమని అడగడానికే ఈ ఉత్తరం.

ఫోటోలో మనకు కనిపించేది ఆసనం చివరి దశ. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్ల ఒళ్లు ఎక్కడిదాకా వెళ్తుందో అది. నిన్నటిదాకా కుర్చీలోంచి మంచం మీదికి, మంచం మీంచి కుర్చీలోకి మారుతూ గడిపిన మనిషికి ఆ చివరి దశతో ఏం పని? ఆ మనిషికి తెలియాల్సింది ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు వెళ్లి ఆగాలి, అందులోంచి బయటికి ఎలా రావాలి, అసలు తను చేయవచ్చా లేదా అన్నది. ఇవేవీ సరిగా ఉండవు. "నెమ్మదిగా ముందుకు వంగాలి" అని ఉంటుంది అంతే. నెమ్మదిగా అంటే ఎంత నెమ్మదిగా, ముందుకు అంటే ఎక్కణ్ణుంచి?

పశ్చిమోత్తానాసనాన్నే తీసుకోండి. కాళ్లు ముందుకు చాపి కూర్చుని, వంగి, నుదురు మోకాళ్లకు ఆనించి, చేతులతో పాదాలు పట్టుకునే ఆసనం. చూస్తే చాలా తేలిగ్గా అనిపిస్తుంది. మన తొడ వెనక కండరాలు పైన కూర్చునే ఎముక దగ్గర మొదలై, మోకాలు దాటి కింది కాలి ఎముకలకు అతుక్కుని ఉంటాయి. రోజూ గంటల తరబడి కూర్చునేవాళ్లలో చాలామందికి ఇవి బిగుసుకుపోయి ఉంటాయి. అలాంటి మనిషి కాళ్లు నిటారుగా చాపి కూర్చోగానే ఆ కండరాలు కటి ఎముకను వెనక్కి లాగి పట్టేసుకుంటాయి. ఇక తుంటి దగ్గర నుంచి ముందుకు వంగే వీలే ఉండదు. అయినా ఫోటోలో ఉన్నట్టు నుదురు మోకాళ్లకు తగలాలి కదా అని బలవంతంగా వంగితే, ఆ వంపంతా నడుము దగ్గర పడుతుంది, వీపు గుండ్రంగా విల్లులా వంగిపోతుంది, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. నడుము నొప్పి తగ్గుతుందని రాసిన ఆసనమే ఇలా చేస్తే నడుము పట్టేస్తుంది.

మా పిన్ని ఇది చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. చేతులు పిక్కల దాకా వచ్చి ఆగిపోయాయి, గడ్డం ముందుకు పొడుచుకొచ్చింది, ఊపిరి బిగబట్టి మొహం ఎర్రబడింది. ఆపమని చెప్పి, మందపాటి దుప్పటి నాలుగు మడతలు పెట్టి దాని అంచు మీద కూర్చోబెట్టి, మోకాళ్ల కింద ఒక దిండు పెట్టి కాస్త వంచమన్నాను. "ఏమ్మా, మోకాళ్లు వంచేస్తే ఇంక అది ఆసనం ఎలా అవుతుంది?" అంది. ముందు నడుము నిటారుగా రానివ్వు పిన్నీ, కాళ్ల సంగతి తర్వాత చూద్దాం అన్నాను. మోకాలు వంచగానే తొడ వెనక కండరం వదులవుతుంది, దాంతో కటి ఎముక ముందుకు తిరుగుతుంది, ఆ తిరగడం నడుము మీద చెయ్యి పెట్టి చూస్తే చేతికి తెలుస్తుంది. పిన్ని వంగింది ఏ నాలుగు వేళ్ల మందమో, అంతకంటే ఎక్కువ లేదు. కానీ వీపు నిటారుగా ఉంది, ఊపిరి మామూలుగా ఆడుతోంది, లాగుడు తొడ వెనక మధ్యలో తెలుస్తోంది. నేను అడిగేది ఈ ఫోటో వేయమనే. దుప్పటి మీద కూర్చుని మోకాళ్లు వంచిన పశ్చిమోత్తానాసనం ఇప్పటిదాకా ఏ పత్రికలోనూ నా కంటపడలేదు.

పద్మాసనం సంగతీ అంతే. మోకాలు ముందుకూ వెనక్కూ మడిచి తెరవడానికి ఉన్న కీలు, పక్కకు మెలితిప్పడానికి ఎక్కువ వీలుండదు. పద్మాసనానికి కావలసిన తిరుగుడంతా తుంటి నుంచే రావాలి. తుంటి తిరగనివాళ్లు చేత్తో పాదాన్ని లాగి తొడ మీద పెట్టుకుంటే ఆ మెలి మోకాలి మీద పడుతుంది, లోపలున్న మెత్తటి గుజ్జు పొర చిరిగే ప్రమాదం ఉంది. మామూలుగా బాసింపట్టు వేసుకుని కూర్చునే సుఖాసనం చాలు. అది కూడా మోకాళ్లు తుంటి కంటే పైకి లేచి ఉంటే కింద ఎత్తు పెట్టుకుని కూర్చోవాలి. కింద కూర్చోలేనివాళ్లు కుర్చీలో పాదాలు నేలకు ఆనించి, వీపు వాల్చకుండా కూర్చుంటే దానివల్ల వచ్చే లాభమేమీ తగ్గదు.

మొదలుపెట్టేవాళ్లు చేసే ఇంకో పని, ఊగుతూ వంగడం. చేతులు అందడం లేదని ఒకటి, రెండు, మూడు అంటూ కుదుపులతో వంగుతారు. కండరంలో సాగుడును కనిపెట్టే చిన్న భాగాలుంటాయి. ఒక్కసారిగా లాగితే కండరం దెబ్బతినకుండా అవి దాన్ని వెంటనే బిగించేస్తాయి. అంటే ఎంత కుదిపితే అంత బిగుసుకుంటుంది. అదే మెల్లగా వెళ్లి, మొదటి లాగుడు తెలిసినచోటే ఆగి, ఊపిరి వదులుతూ 20, 30 సెకన్లు ఉంటే ఆ బిగువు దానంతట అదే సడలుతుంది. ఈ రెండు వాక్యాలు ఏదో ఒక వారం పెద్ద అక్షరాల్లో వేయండి సార్, చాలామంది నడుములు బాగుపడతాయి.

"ఉదయం లేవగానే చేయాలి" అని కూడా ప్రతిసారీ రాస్తారు. పరగడుపున చేయడం మంచిదే, కాదనను, నిండు భోజనం చేస్తే మూడు నాలుగు గంటలు ఆగాల్సిందే. కానీ రాత్రంతా పడుకుని ఉన్నప్పుడు వెన్నులోని డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున్నే నడుము అంత బిగుసుకుని ఉంటుంది. ఆ మొదటి గంటలో బాగా ముందుకు వంగితే డిస్కుల మీద ఒత్తిడి మిగతా వేళల్లో కంటే ఎక్కువ. నడుము నొప్పి ఉన్నవాళ్లు లేచీ లేవగానే, నిలబడి వంగి పాదాలు అందుకునే పాదహస్తాసనం వేయకూడదు. కాసేపు ఇంట్లో తిరిగి, భుజాలూ మెడా చీలమండలూ వదులు చేసుకుని, వంగే ఆసనాలు ఆఖర్న పెట్టుకోవాలి. సాయంత్రం చేసుకున్నా ఏ దోషమూ లేదు, వీలైన వేళ ఏదైతే అదే మంచి వేళ. ఆదివారం ఒక్కరోజు గంటన్నర చేసి మిగతా ఆరు రోజులూ మానేసే బదులు రోజూ పదిహేను నిమిషాలు చేసినవాళ్ల ఒళ్లే మాట వింటుంది.

ఆ పదిహేను నిమిషాల్లో ఏం చేయాలని అడుగుతారు కదా, నేనైతే ఇలా చెబుతాను. కాలు జారని చాప మీద, సాక్సు లేకుండా, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనించండి. పరుపు మీద వద్దు, మెత్తగా ఉంటే ఒంటికి ఆధారం దొరకదు. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, పీల్చినప్పుడు పొట్ట పైకి లేస్తోందా, వదిలినప్పుడు దిగుతోందా చూడండి, కొత్తలో చాలామందికి ఛాతీ మాత్రమే కదులుతుంది. తర్వాత ఒక్కో మోకాలూ గుండెల దగ్గరికి తెచ్చుకోండి, తల నేల మీదే ఉండనివ్వండి. ఆ తర్వాత చేతులూ మోకాళ్లూ ఆనించి మార్జాలాసనం: ఊపిరి వదులుతూ వీపు పైకి, పీలుస్తూ కిందికి. మోకాలి చిప్ప నొప్పి పెడితే కింద తువ్వాలు మడిచి పెట్టుకోవాలి, మణికట్టు నొప్పి పెడితే వేళ్లు విడదీసి బరువు అరచేయంతా పంచాలి.

భుజంగాసనం ఫోటోలో చేతులు నిటారుగా చాపి, తల వెనక్కి పడేసి ఉంటుంది. కొత్తవాళ్లు అది చూసి చేతుల బలంతో లేచిపోతారు, అప్పుడు నడుములో ఒకేచోట మడత పడుతుంది. బోర్లా పడుకుని, అరచేతులు ఛాతీ పక్కన పెట్టి, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి, వీపు కండరాలు ఎంత లేపితే అంతే లేవాలి. సరిగ్గా చేస్తున్నామా అన్నదానికి ఒక పరీక్ష ఉంది. లేచాక అరచేతులు నేల నుంచి అంగుళం ఎత్తి చూడండి. ఛాతీ ధబ్బున కిందపడితే అప్పటిదాకా ఎత్తింది చేతులే, వీపు కాదు. కాస్త కిందికి దిగి మళ్లీ చూడండి. చేతులు ఎత్తినా ఛాతీ ఎక్కడ నిలుస్తుందో ఇవాళ్టికి అదే మీ భుజంగాసనం, అది నేల నుంచి బెత్తెడు ఎత్తే అయినా సరే. చూపు నేల మీద కాస్త ముందుకు ఉండాలి, మెడ వెనక్కి విరవద్దు.

నిలబడి చేసేవాటిలో నిటారుగా నిలబడే తాడాసనం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం చాలు. వృక్షాసనంలో మడిచిన పాదాన్ని మొదట్లో రెండో కాలి చీలమండ దగ్గర పెట్టి వేళ్లు నేలకు తగలనిస్తే నిలకడ వస్తుంది, కుదిరాక పిక్క మీదికి తెచ్చుకోవచ్చు. మోకాలి పక్కన మాత్రం ఎప్పుడూ ఆనించకూడదు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే సేతుబంధాసనంలో మెడ తిప్పి పక్కకు చూడొద్దు. ఆఖర్న శవాసనం. దీన్ని అందరూ ఎగ్గొడతారు, టైం లేదంటారు, పడుకోవడం కూడా ఒక ఆసనమేనా అంటారు. నిజానికి టెన్షన్లతో బతికేవాళ్లకు మొదట కుదరాల్సిందీ, అన్నిటికంటే కష్టమైనదీ ఇదే. నడుము నేలకు ఆనక నొప్పి పెడితే మోకాళ్ల కింద దిండు పెట్టుకోవాలి. ఐదు నిమిషాలు ఉండి, పక్కకు తిరిగి, చేతులు ఆనించి లేవాలి. ఒక్కసారిగా లేస్తే కొందరికి కళ్లు తిరుగుతాయి.

ఎంతవరకు వెళ్లాలన్నది ఊపిరే చెబుతుంది. ముక్కుతో మామూలుగా ఊపిరి ఆడుతున్నంతవరకు సరైన చోట ఉన్నట్టు, బిగబట్టాల్సి వస్తే దాటిపోయినట్టు, వెంటనే కాస్త వెనక్కి రావాలి. యోగసూత్రాలు రాసిన పతంజలి కూడా ఆసనం గురించి చెప్పింది అది స్థిరంగా, సుఖంగా ఉండాలనే. కండరం మధ్యలో మొద్దుగా తెలిసే లాగుడు ఫర్వాలేదు. కీలులో పొడిచినట్టు నొప్పి, తిమ్మిరి, కాలు కిందికి జివ్వున పాకే నొప్పి, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, కళ్లు తిరగడం, వీటిలో ఏదొచ్చినా ఆపేయాలి. మర్నాడు కండరాలు కాస్త సలపడం మామూలే. కీళ్లు వాచినా, నొప్పి రోజురోజుకీ పెరిగినా డాక్టర్‌కు చూపించుకోవాలి, "అలవాటైతే పోతుందిలే" అనుకోకూడదు.

ఫోన్‌లో వీడియో చూస్తూ చేసేవాళ్లకు ఒక మాట. ఆసనంలో ఉండి మెడ తిప్పి స్క్రీన్ చూడొద్దు. ఒకసారి పూర్తిగా చూసేసి, ఫోన్ పక్కన పెట్టి చేయండి. వీలుంటే ఆ ఫోన్‌నే పక్క నుంచి గోడకు ఆనించి మిమ్మల్ని మీరు రికార్డ్ చేసుకోండి. వీపు నిటారుగానే ఉందని మనకు అనిపిస్తుంది, వీడియోలో చూస్తే గూనిగా ఉంటుంది. పక్కన గురువు లేని లోటు దీంతో కొంతైనా తీరుతుంది.

ఇక ఎవరు చేయకూడదన్న సంగతి. ఇది అన్నిటికంటే ముఖ్యం, పత్రికల్లో అన్నిటికంటే చిన్న అక్షరాల్లో వచ్చేదీ ఇదే. గ్లాకోమా (నీటికాసులు) అనే కంటి జబ్బు ఉన్నవాళ్లు తల గుండె కంటే కిందికి వచ్చే ఆసనాలు వేయకూడదు, కంట్లో ఒత్తిడి నిమిషం లోపే పెరుగుతుంది. శీర్షాసనమే కాదు, చేతులూ పాదాలూ నేలకు ఆనించి నడుము పైకెత్తే, చాలా తేలిక అనుకునే అధోముఖ శ్వానాసనం, నిలబడి కిందికి వంగడం కూడా ఇందులోకే వస్తాయి. బీపీ అదుపులో లేనివాళ్లకూ తలకిందుల ఆసనాలు వద్దు. ఎముకలు గుల్లబారినవాళ్లు వీపు గుండ్రంగా చేసి బాగా వంగితే, నడుము గట్టిగా మెలితిప్పితే వెన్నుపూసలు నలిగి విరగవచ్చు, ఇది వయసు మళ్లిన ఆడవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. గర్భిణులు బోర్లా పడుకుని చేసేవీ, పొట్టను గట్టిగా మెలితిప్పేవీ చేయకూడదు, నెలలు నిండేకొద్దీ ఎక్కువసేపు వెల్లకిలా పడుకోవడమూ మంచిది కాదు, వాళ్లు డాక్టర్‌ను అడిగి, తెలిసిన టీచర్ దగ్గర విడిగా నేర్చుకోవాలి. పొట్టను కుదుపుతూ ఊపిరిని వేగంగా బయటికి వదిలే కపాలభాతి అందరూ చేసేయదగ్గ ప్రాణాయామం కాదు. బీపీ, గుండె జబ్బు, హెర్నియా, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు, కడుపు ఆపరేషన్ అయినవాళ్లు దాని జోలికి పోకూడదు. కొత్తవాళ్లు ఊపిరి బిగబట్టే కుంభకాలు వదిలేసి, మెల్లగా పీల్చి అంతకంటే మెల్లగా వదలడం, తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదిలే భ్రామరి, ఈ రెండింటితో మొదలుపెడితే చాలు. శీర్షాసనం మాత్రం ఫోటో చూసి ఎవరూ నేర్చుకోకూడదు. ఒంటి బరువు మెడ మీదికి వచ్చే ఆసనం అది, దయచేసి ఆ ఫోటో వేయకండి.

హెడ్డింగుల గురించి కూడా చెప్పాలి. "ఈ ఆసనంతో షుగర్ మాయం", "థైరాయిడ్‌కు చెక్" అని పెడతారు. భుజాల మీద ఆనుకుని కాళ్లు పైకెత్తే సర్వాంగాసనం వేస్తున్నాను కదా అని థైరాయిడ్ మాత్ర ఆపేసిన మనిషికి ఏమవుతుందో ఆ హెడ్డింగ్ పెట్టినవాళ్లు ఒక్క క్షణం ఆలోచించాలి. గ్రంథి తయారు చేయలేని హార్మోన్‌ను ఆ మాత్ర అందిస్తోంది, ఆసనం ఆ పని చేయలేదు. యోగాకు అబద్ధపు గొప్పలు అక్కర్లేదు. చాలాకాలంగా ఉన్న నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ పద్ధతుల్లో యోగాను కూడా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చేర్చింది. అది చాలా పెద్ద మాట, అది రాయండి. అలాగే పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి ఒక మోస్తరు శ్రమ చేయాలనీ, 65 దాటినవాళ్లు వారంలో మూడు రోజులైనా బ్యాలెన్స్ పెంచే వ్యాయామం చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వృక్షాసనం ఆ బ్యాలెన్స్‌కు బాగా పనికొస్తుంది, నెమ్మదిగా చేసే ఆసనాలు మాత్రం నడకకు బదులు కావు. రెండూ ఉండాలి.

కుర్చీ, గోడ, దుప్పటి అనగానే చాలామంది నామోషీగా ఫీలవుతారు, అది ముసలివాళ్లకు అనుకుంటారు. బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014) చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ వంటి జబ్బులతో బక్కచిక్కిన మనిషి. బావగారైన తిరుమలై కృష్ణమాచార్య దగ్గర యోగా మొదలుపెట్టి, ఆ తర్వాత ప్రపంచమంతా తన దగ్గరికి వచ్చి నేర్చుకునేలా ఎదిగారు. చెక్క దిమ్మలు, బెల్టులు, తాళ్లు, కుర్చీలు, దుప్పట్లు వాడి ఎలాంటి ఒంటితోనైనా ఆసనం వేయించే పద్ధతిని తీర్చిదిద్దింది ఆయనే. అంతటివాడు వాడించిన కుర్చీ వాడటానికి మనకెందుకు మొహమాటం?

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబర్‌లో తీర్మానం చేశాక 2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినోత్సవం జరుగుతోంది. ఆ వారమంతా మీ పేజీల నిండా ఫోటోలే. అవి చూసి ఎంతోమంది చాప కొనుక్కుంటారు, మొదలుపెడతారు, నడుమో మోకాలో పట్టేసి, "యోగా నాకు పడదు" అని మానేస్తారు. వాళ్లకు పడనిది యోగా కాదు, మొదటి రోజే చివరి దశకు పోవడం. ఆ దినోత్సవం కోసం ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారు చేసిన కామన్ యోగా ప్రొటోకాల్ అనే సాధన క్రమంలో కూడా ఆసనాల కంటే ముందు మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు వదులు చేసుకునే కదలికలే ఉన్నాయి. ఒక్క వారమైనా మీరు వాటిని వేయండి, ఫోటోకు అందంగా ఉండవని వదిలేయకండి.

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రతి ఆసనానికీ రెండు ఫోటోలు వేయండి, మొదటిది బిగుసుకుపోయిన ఒంటితో కొత్తగా చేస్తున్న మామూలు మనిషిది, దుప్పటితోనో కుర్చీతోనో, రెండోది కావాలంటే చివరి దశది. మోడల్ ఎప్పుడూ ఇరవై ఏళ్ల సన్నటి అమ్మాయే కానక్కర్లేదు, అరవై ఏళ్ల పెద్దాయన, పొట్ట ఉన్నవాళ్లు, కింద కూర్చోలేనివాళ్లు కూడా కనిపించాలి. ఎవరు చేయకూడదో ప్రయోజనాల కంటే ముందు, అంతే సైజు అక్షరాల్లో వేయండి. ఆసనంలోంచి బయటికి ఎలా రావాలో ఒక్క వాక్యమైనా రాయండి, వచ్చేటప్పుడు కూడా కొందరికి పట్టేస్తుంది. నెలకొకసారైనా ఒక ఫిజియోథెరపిస్ట్, ఒక యోగా టీచర్ కలిసి పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే ఏర్పాటు చేస్తే ఇంకా మంచిది. మొదటి ప్రశ్న నేనే పంపుతాను: మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు ఎన్ని నెలలకు ఏ ఆసనాలతో మొదలుపెట్టవచ్చు, వేటిని ఎప్పటికీ వేయకూడదు?

ఇట్లు,
మీ పేజీని రోజూ చదివే ఒక పాఠకురాలు